పొలిమేర పూలు

మన బడులలో వృక్షశాస్త్రపాఠం సాధారణంగా ఒక పువ్వును కోయటంతో ప్రారంభమవుతుంది. ఉమ్మెత్తపువ్వో, మందారమో బల్లమీదికి వస్తుంది. ఉపాధ్యాయుడు దానిని నిలువుగా చీల్చి, రక్షకపత్రాలు ఇవి, ఆకర్షకపత్రాలు ఇవి, కేసరాలు ఇవి, అండాశయం ఇది అని చూపిస్తాడు. పిల్లలు బొమ్మ గీచి, భాగాలకు పేర్లు వ్రాసి, పుస్తకం మూస్తారు. ఈ పద్ధతిని నిందించవలసిన పని లేదు. కోసి చూడనిదే పువ్వు నిర్మాణం బోధపడదు. అయితే ఆ పువ్వు ఏ గట్టున పూచినది, దాని ప్రక్కన ఏయే మొక్కలున్నవి, ఆ చుట్టుప్రక్కల తిరిగే కీటకం ఎన్నిరకాల పూలమీద వాలినది అనే ప్రశ్నలు ఆ బల్లదాకా రావు. పువ్వును కోసి తెచ్చినపుడు దాని ఇరుగుపొరుగు పొలంలోనే ఉండిపోతుంది.

ఈ లోపం చిన్నది కాదని నా అభిప్రాయం. ఒక మొక్క పువ్వు రంగుకుగాని, దాని పరిమాణానికిగాని, అది పూచే ఋతువుకుగాని కారణాలన్నీ ఆ మొక్కలోనే ఉండవు. కొన్ని దాని పొరుగున ఉంటవి. దగ్గరి చుట్టరికంగల రెండు జాతులు విడివిడిగా పెరిగేచోట్ల ఇంచుమించు ఒకే తీరుగా కనబడి, ఒకదాని నెలవు మరొకదాని నెలవుతో కలిసేచోట మాత్రం స్పష్టంగా వేరుపడటం ప్రకృతిలో ఉన్నది. ఏ ఒక్క పువ్వును చీల్చినా ఈ సంగతి తెలియదు. రెండు ఊళ్ళ పూలను, ఆ రెండు ఊళ్ళ పొలిమేరతో సహా, పోల్చి చూచినప్పుడే తెలుస్తుంది. మన పాఠాలలో ఈ పొలిమేరకు కొంత చోటు దొరకవలెనని ఈ వ్యాసంలో మనవి చేయదలచినాను.

ఉదాహరణకు మన తోటలలోనే పరిచయమైన ఒక మొక్కను తీసికొందాము. శీతకాలంలో పట్టణాల ఉద్యానాలలో ఫ్లాక్సు అనే పూలమొక్కను చాలామంది చూచే ఉంటారు. పొట్టి మొక్క, చివర అయిదేసి రేకుల పూలగుత్తి. ఎరుపు, గులాబి, ఊదా, తెలుపు రంగులన్నీ ఒకే మడిలో పూస్తవి. విత్తనాల పొట్లంలో రంగులన్నీ కలిపే అమ్మటం పరిపాటి. ఈ మొక్క మన దేశానిది కాదు. దీని పుట్టినిల్లు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం. స్కాట్లండు దేశస్థుడైన థామస్ డ్రమండ్ అనే వృక్షసేకర్త 1833, 1834 సంవత్సరాలలో ఆ ప్రాంతంలో సంచరించి, ఎన్నో మొక్కలను, విత్తనాలను బ్రిటనుకు పంపినాడు. 1835లో క్యూబా ద్వీపంలో మరణించినాడు. ఆయన పంపిన ఈ మొక్కకు వృక్షశాస్త్రజ్ఞుడు విలియం హుకర్ ఆయన పేరే పెట్టి ఫ్లాక్స్ డ్రమండీ అన్నాడు. అటు తరువాత అది లోకంలోని తోటలన్నిటికీ ప్రాకింది.

మన మడిలో ఎరుపు, నీలం కలగలిసి పూచే ఈ మొక్క తన స్వస్థలంలో అట్లా పూయదు. అక్కడ అది వసంతంలో మొలకెత్తిన మైదానాలను, బాటల ప్రక్కలను నింపే అడవిమొక్క. టెక్సాసులో దాని నెలవులో ఎక్కువ భాగం లేతనీలం పూలదే. కాని తూర్పువైపు సాగినకొద్దీ ఒక పొలిమేర వస్తుంది. అక్కడినుండి ఫ్లాక్స్ కస్పిడేటా అనే మరొక జాతి కనబడటం మొదలుపెడుతుంది. దానివీ లేతనీలం పూలే. పరిమాణంలో మాత్రం కొంచెం చిన్నవి. ఈ రెండు జాతులూ కలిసి పెరిగే ప్రాంతంలో చిత్రమైన మార్పు కనబడుతుంది. కస్పిడేటా తన లేతనీలాన్ని విడువదు. డ్రమండీ మాత్రం అక్కడ ముదురు ఎరుపుగా పూస్తుంది. ఒకే జాతి మొక్క తానొక్కటే ఉన్నచోట నీలంగాను, చుట్టం ప్రక్కన ఉన్నచోట ఎర్రగాను ఉన్నదన్నమాట.

ఎందుకిట్లా జరుగవలె? సమాధానం విత్తనాల లెక్కలో ఉన్నది. డ్రమండీ తన పుప్పొడితో తానే గింజ కట్టుకొనలేదు. మరొక మొక్క పుప్పొడి రావలె. దానిని తెచ్చేవి సీతాకోకచిలుకలు. వాటిలో ముఖ్యమైనది బాటస్ ఫిలెనార్ అనే నల్లని సీతాకోకచిలుక. మన చేలగట్లమీద కనబడే గాడిదగడపర ఏ ప్రజాతికి చెందినదో, ఆ ప్రజాతి తీగలనే తిని దాని గొంగళిపురుగు పెరుగుతుంది. రెండు జాతుల ఫ్లాక్సులూ ఒకే ఋతువులో, ఒకే రంగుతో, ఒకేచోట పూస్తే సీతాకోకచిలుక వాటికి భేదం చూడదు. దీని పుప్పొడి దానికి, దాని పుప్పొడి దీనికి చేరుతుంది. గింజలు పడతవి, మొలుస్తవి, సంకరమొక్కలు పూస్తవి కూడాను. కాని ఆ సంకరమొక్కలలో చాలభాగం గొడ్డువి. వాటికి సంతానం కలుగదు. ఏటేటా గింజతో మొలిచి గింజతోనే ముగిసే మొక్కకు ఇది తేలికైన నష్టం కాదు. ఆ సంవత్సరపు పుప్పొడిలో, అండాలలో కొంతభాగం మనుమలు లేని సంతానానికి ఖర్చయిపోయిందన్నమాట.

అట్టి మైదానంలో ఏ కారణంచేతనో కొన్ని డ్రమండీ మొక్కలకు పువ్వు రంగు భిన్నంగా వచ్చిందనుకొందాము. సీతాకోకచిలుక ఒక రంగు పూలమీద తిరుగుతున్నపుడు తరచు ఆ రంగునే అనుసరిస్తుంది. కాబట్టి భిన్నమైన రంగుగల మొక్కలకు పొరుగుజాతి పుప్పొడి తక్కువగా చేరుతుంది. తమ జాతి పుప్పొడి ఎక్కువగా దక్కుతుంది. వాటి గింజలలో గొడ్డుపోయేవి తగ్గుతవి. తరాలు గడచినకొద్దీ ఆ రంగుగల మొక్కలే పొలిమేరను నింపుతవి. పొరుగున కస్పిడేటా లేని పడమటి మైదానాలలో ఆ రంగుకు ఈ లాభం లేదు. అక్కడ నీలమే నిలిచి ఉన్నది.

చెప్పటానికి ఇంత తేలికగా ఉన్న ఈ మాటను రుజువు చేయటానికి చాలాకాలం పట్టింది. టెక్సాసు విశ్వవిద్యాలయంలో డోనల్డ్ లెవిన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ పూలను ఏండ్ల తరబడి పరిశీలించి, ఎర్రపూల మొక్కలకు సంకరపు గింజలు తక్కువగా పడుతున్నవని 1985లో చూపినాడు. తరువాత రాబిన్ హాప్కిన్స్ అనే విదుషి, మార్క్ రాషర్ అనే ఆచార్యుడు కలిసి, ఈ రంగు మారటానికి రెండు జన్యువులు కారణమని 2011లో ప్రకటించినారు. ఒక జన్యువులోని మార్పువలన నీలపు వర్ణకం తగ్గి పువ్వు ఎరుపు ఛాయకు తిరుగుతుంది. మరొక జన్యువులోని మార్పువలన వర్ణకం మొత్తం పెరిగి ఛాయ ముదురుతుంది. ఈ రెండు మార్పులనూ విడదీసి, మళ్ళీ జతపరచి చూస్తే నాలుగు రకాల మొక్కలు వస్తవి: లేతనీలం, ముదురునీలం, లేతయెరుపు, ముదురెరుపు. ఈ నాలుగు రకాలతో పొలంలో పరీక్ష జరిపి, ఏ రకానికి ఎన్ని సంకరపు గింజలు పడినవో చూచినారు. 2012లో ప్రకటించిన ఆ ఫలితం ఊహించినదానికంటె సూక్ష్మమైనది. సంకరాన్ని తగ్గించినది ఎరుపుతనం కాదు; ముదురుతనం. సీతాకోకచిలుక చూచే భేదం నీలానికీ ఎరుపుకూ మధ్యది కాక, లేతకూ ముదురుకూ మధ్యది. సీతాకోకచిలుకలకు మొత్తంమీద ముదురురంగుపై మమకారమూ లేదు, లేతరంగుపై ద్వేషమూ లేదు. ఒకసారి పట్టిన ఛాయను విడువకుండా పోవటమే వాటి అలవాటు. ఆ అలవాటే ఇక్కడ రెండు జాతులకు మధ్య గోడ అయింది.

ఇక్కడ చదువరికి ఒక సందేహం రావచ్చు. తూర్పున నేల వేరు, వాన వేరు. రంగుభేదానికి అదే కారణం కారాదా? లేక ఎర్రమొక్కలూ నీలపుమొక్కలూ మొదటినుండి వేరువేరు వంశాలు కారాదా? న్యాయమైన సందేహమే. దీనిని తీర్చటానికి శాస్త్రజ్ఞులు రంగుతో సంబంధంలేని ఇతర జన్యువులను పరీక్షించినారు. ఎర్రపూల ప్రాంతానికీ నీలపుపూల ప్రాంతానికీ మధ్య ఆ జన్యువులు ధారాళంగా రాకపోకలు సాగిస్తున్నవని తేలింది. అన్నీ కలిసిపోతూ ఉండగా రంగు ఒక్కటే ఎల్లదగ్గర నిలబడి ఉన్నది. దానిని అక్కడ నిలబెడుతున్న బలమేదో ఉండవలె. దానినే ప్రకృతివరణం అంటున్నాము. పొలిమేరలో భేదం కనబడినంతమాత్రాన కారణం దొరికినట్లు కాదని, ఇతర కారణాలను ఒక్కొక్కటిగా తోసివేసిన తరువాతనే మాట నిలుస్తుందని ఈ కథ మన విద్యార్థులకు నేర్పగలదు. ఆ నేర్పు రంగుల వింతకంటె విలువైనది.

ఈ భావానికి పెద్దచరిత్రే ఉన్నది. రెండు జాతులమధ్య పుట్టే సంతానం గొడ్డుపోవటం ప్రకృతివరణం కావించిన పని కాదని, ఇతర మార్పులవెంట యాదృచ్ఛికంగా వచ్చినదని డార్విన్ అభిప్రాయపడినాడు. ఆయనతోబాటు ఆ సిద్ధాంతాన్ని కనుగొన్న ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ ఈ విషయంలో ఆయనతో ఏకీభవించలేదు. 1868లో ఇద్దరిమధ్య ఉత్తరాలలో ఈ వాదం నడిచింది. సంకరసంతానం బలహీనమైనచోట జాతులు ఒకదానితో ఒకటి కలియకుండా చేసే భేదాలను ప్రకృతివరణమే పెంచగలదని వాలెస్ 1889లో తన గ్రంథంలో వ్రాసినాడు. 1937లో థియోడోసియస్ డోబ్‌జాన్‌స్కీ ఈ ఆలోచనను జన్యుశాస్త్రంతో ముడిపెట్టినాడు. 1956లో బ్రౌన్, విల్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, చుట్టరికంగల జాతులు కలిసి ఉన్నచోట లక్షణాలు ఎడమైపోవటానికి ప్రత్యేకంగా ఒక పేరే కల్పించినారు. అయినా 1980 దశకంలో చాలామంది దీనిని శంకించినారు. నీలపుపూల ప్రాంతంనుండి వచ్చే పుప్పొడి ఎరుపును కడిగివేయదా? రంగు జన్యువు ఒకచోట, సంకరాన్ని గొడ్డుచేసే జన్యువులు మరొకచోట ఉండగా ప్రతితరంలోను అవి పేకముక్కలవలె కలిసిపోవా? ఈ ఆక్షేపణలు బలమైనవే. 1989లో కోయిన్, ఆర్ అనేవారు పండ్ల ఈగల జాతులను పోల్చి, నెలవులు కలిసినచోట జోడుకట్టటంలో ఎడబాటు ఎక్కువగా ఉన్నదని చూపిన తరువాత గాలి తిరిగింది. ఆ వాదానికి పూలలో దొరికిన గట్టి సాక్ష్యాలలో ఫ్లాక్సు ఒకటి.

ఎడమయ్యే దారి రంగు ఒక్కటే కాదు. అమెరికా ఆగ్నేయభాగంలో నల్లరాతి పరుపులమీద పెరిగే ఆరెనేరియా యూనిఫ్లోరా అనే చిన్నమొక్క ఒంటరిగా ఉన్నచోట పెద్దపూలు పూచి, పరాయి పుప్పొడితోనే గింజకడుతుంది. దాని చుట్టమైన ఆరెనేరియా గ్లాబ్రా కలిసినచోట పూలు చిన్నవై, తన పుప్పొడితో తానే ఫలిస్తుంది. ఒకటి వన్నె మార్చి తప్పుకొంటే మరొకటి తలుపు మూసికొన్నట్లు! ఆస్ట్రేలియా నైఋతిభాగంలో స్టైలిడియం అనే ప్రజాతి ఉన్నది. దాని పువ్వులో కేసరమూ కీలమూ కలిసిన ఒక కాడ ఉంటుంది. కీటకం తాకగానే అది తుపాకి ఘోడావలె ఎగిరి, కీటకాన్ని కొట్టి, పుప్పొడి అంటిస్తుంది. కలిసి పెరిగే జాతులలో ఒక్కొక్కటి కీటకపు ఒంటిమీద ఒక్కొక్కచోట కొడుతుంది. ఒకే వాహనంమీద ఎవరి సరుకు వారి అరలో ప్రయాణం చేస్తుందన్నమాట.

మరికొన్నిచోట్ల భేదం కంటికే కనబడదు. గిలియా ప్రజాతిలో తొమ్మిది జాతులను వెర్న్ గ్రాంట్ సంకరపరచి చూచి 1966లో ఫలితాలు ప్రకటించినాడు. అందులో అయిదు కాలిఫోర్నియా కొండదిగువలలో, లోయలలో ఒకదానితో ఒకటి కలిసే జాతులు. నాలుగు సముద్రతీరాలలో దూరదూరంగా ఉండేవి. దూరపు జాతులను పరస్పరం సంకరపరిస్తే సులభంగా గింజలు పడినవి. పొరుగు జాతులమధ్య గింజ పడటమే గగనమైంది. పువ్వు రూపంలో తేలని ఎడబాటు అండాశయపు వాకిట ఉన్నది. ఇక 1968లో మెక్‌నీలీ, ఆంటొనోవిక్స్ అనే శాస్త్రజ్ఞులు వేల్స్ దేశంలోని పాతగనుల అంచున గడ్డిని పరిశీలించినారు. లోహవిషం నిండిన గనినేలను తట్టుకొన్న గడ్డి, ప్రక్కనే ఉన్న పచ్చికలోని అదే జాతి గడ్డికంటె ముందుగా పూస్తున్నది. ఇక్కడ రెండు జాతులింకా లేనేలేవు; ఒక జాతి రెండుగా చీలటానికి తొలి అడుగు మాత్రం పడింది.

అయితే ఈ ఉదాహరణలు చూచి, పొరుగున చేరిన చుట్టాలన్నీ తప్పక వేరుపడతవని సూత్రం కట్టరాదు. రెండు జాతులు కలిసినపుడు జరిగేవి కనీసం మూడున్నవి. ఒకటి మరొకదాన్ని అక్కడినుండి తరిమివేయవచ్చును. రెండూ కలిసిపోయి ఒకటే కావచ్చును. లేదా రెండూ మిగిలి, ఎడమై, తమతమ దారి పట్టవచ్చును. సంకరసంతానం ఎంత నష్టపోతున్నది, పుప్పొడి ఎంత దూరం పోతున్నది, వేరుపడటానికి పనికివచ్చే భేదం అసలు ఉన్నదా లేదా అనేవాటినిబట్టి ఫలితం ఉంటుంది. ఫ్లాక్సు ఎరుపు విధినియమం కాదు. ఒక నేలమీద, ఒక సీతాకోకచిలుక అలవాటువలన, లభ్యమైన రెండు జన్యుభేదాలతో జరిగిన చరిత్ర.

ఉపాధ్యాయ మిత్రులకు ఇక్కడ రెండు మాటలు ప్రత్యేకించి చెప్పవలె. రెండూ మన భాషకు సంబంధించినవే.

మొదటిది. "సంకరంనుండి తప్పించుకొనటానికి పువ్వు తన రంగు మార్చుకొన్నది" అని చెప్పటం మనకు అలవాటు. వినటానికి ఇంపుగా ఉంటుంది; పిల్లలకు త్వరగా ఎక్కుతుంది. కాని అది తప్పు. ఏ పువ్వూ పొరుగును చూచి ఆలోచన చేయలేదు. నీలపుపువ్వు పూచిన మొక్క నీలంతోనే చచ్చిపోయింది. పుట్టుకలోనే ముదురుగా వచ్చిన మొక్కకు మనుమలు ఎక్కువమంది మిగిలినారు. మారినది మొక్క కాదు, మైదానంలో ఏ మొక్కలెన్ని అనే పాలు. తరగతిలో గింజలతో దీనిని చూపవచ్చును. తెల్లచిక్కుడు గింజలు యాభై, ఎర్రచిక్కుడు గింజలు పది ఒక గిన్నెలో కలిపి, ప్రతి విడతలోను తెల్లవాటిలో సగాన్ని, ఎర్రవాటిలో పదింట ఒకవంతును తీసివేసి, మిగిలినవాటిని వాటి వాటి పాళ్ళలోనే పెంచి మళ్ళీ అరవై చేయండి. నాలుగయిదు విడతలలో గిన్నె ఎర్రబారుతుంది. ఏ గింజా రంగు మారలేదని పిల్లలు కండ్లార చూస్తారు. ప్రకృతివరణాన్ని గురించి పది పుటలు చదివినదానికంటె ఈ గిన్నె వారికి ఎక్కువ చెబుతుంది.

రెండవది మరింత జాగ్రత్తగా చెప్పవలసినది. జాతి, సంకరం అనే మాటలను వృక్షశాస్త్రానికి మనం సమాజంనుండి తెచ్చుకొన్నాము. ఆ మాటలు వస్తూ వస్తూ పాతబరువును కూడా మోసికొని వచ్చినవి. కులసాంకర్యాన్ని పాపమని చెప్పిన సంప్రదాయం మన దేశంలో వేల సంవత్సరాలు నడిచింది. అట్టి దేశంలో "పొరుగుజాతితో కలియకుండా ఉండటానికి ప్రకృతి గోడ కట్టింది" అనే వాక్యం పిల్లవాని చెవిని ఏవిధంగా పడుతుందో ఊహించటం కష్టం కాదు. ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయుడు ఆ వాక్యాన్ని అట్లా గాలికి వదలిపెట్టరాదు. వృక్షశాస్త్రంలో జాతి అన్నమాటకు, సమాజంలో జాతి అన్నమాటకు పేరు తప్ప పొత్తు లేదు. మానవులందరూ జీవశాస్త్రరీత్యా ఒకే జాతి. వారి వివాహాలలో ఫ్లాక్సు గింజల లెక్కకు తావే లేదు. ఫ్లాక్సు సంకరంలో ఉన్నది గొడ్డుతనమనే నష్టం ఒక్కటే. మైల అనేది పువ్వుకు తెలియదు.

అంతేకాదు, మొక్కలలో కూడా సంకరం ఎల్లవేళలా నష్టం కాదు. గుంటూరుసీమకు పేరు తెచ్చిన వర్జీనియా పొగాకు నికోటియానా టబాకం అనే జాతికి చెందినది. అది రెండు అడవిజాతుల కలయికలో పుట్టినదని శాస్త్రజ్ఞులు తేల్చినారు. నేడు మన నల్లరేగడి పొలాలలో విస్తారంగా పండే అమెరికా పత్తి జాతి కూడా పురాతనకాలంలో రెండు వేరువేరు పత్తిజాతుల కలయికవలననే ఏర్పడింది. మనం తినే రొట్టె గోధుమదీ అదే చరిత్ర. టెక్సాసు మైదానంలో విత్తనాన్ని వృథాచేసిన కలయికే మరొకచోట క్రొత్తజాతికి తల్లి అయింది. ఈ రెండు కథలనూ ఒకే గంటలో ప్రక్కప్రక్కన చెప్పితే ప్రకృతి ఎవరి ఆచారానికీ సాక్ష్యం చెప్పదని విద్యార్థికి బోధపడుతుంది. ఒక కథనే చెప్పి ఊరుకొంటే సగం సత్యం చెప్పినట్లవుతుంది. ఈ విషయంలో సగం సత్యం ప్రమాదకరం.

"సందేహాలు పుట్టించే ఇట్టి పాఠాన్ని బడిలో ఎందుకు చెప్పటం?" అని అడిగేవారుండవచ్చును. చెప్పకపోవటంవలన సందేహం పోదు. చెప్పేవాడు లేకుండా పోతాడు. జాతీయ విద్యాపరిశోధన శిక్షణమండలి 2022లో పాఠ్యభారాన్ని తగ్గించే పేరుతో పదవతరగతి విజ్ఞానశాస్త్రంనుండి పరిణామభాగాన్ని తొలగించింది. ఆ పాఠాన్ని తిరిగి చేర్చవలెనని కోరుతూ 2023లో 1,800 మందికి పైగా శాస్త్రజ్ఞులు, ఉపాధ్యాయులు, విద్యాభిమానులు బహిరంగలేఖపై సంతకాలు చేసినారు. ఆ పుస్తకాలు చదివే విద్యార్థులలో పదవతరగతి తరువాత జీవశాస్త్రం తీసికొననివారికి జీవరాశులు ఎట్లా మారినవనే ప్రశ్నే తరగతిలో ఎదురుకాదు. పాఠ్యభారం తగ్గించటం మంచిదే. కాని భాగాల పేర్ల జాబితాలను ఉంచి, ఆ భాగాలు అట్లా ఎందుకున్నవనే అధ్యాయాన్ని తీసివేస్తే తగ్గినది భారం కాదు. మిగిలిన భారాన్ని మోయటానికి కారణం.

పాఠ్యపుస్తకం మారేదాకా ఉపాధ్యాయుడు చేతులు ముడుచుకొని కూర్చుండవలసిన పని లేదు. పొలిమేరను బడికి తేలేకపోతే బడిని పొలిమేరకు తీసికొనిపోవచ్చును. మన చెరువుకట్టలమీద, బాటల ప్రక్కల, బీళ్ళలో తంగేడు, కసింద దగ్గర చుట్టాలు, రెండింటివీ పసుపుపూలే. రెండింటిమీదా తుమ్మెదలు ఝుమ్మంటూ వాలి, కేసరాలను వణికించి పుప్పొడి రాల్చుకొంటవి. తంగేడు ఒంటరిగా ఉన్నచోట ఒకటి, కసింద ఒంటరిగా ఉన్నచోట మరొకటి, రెండూ కలిసి ఉన్నచోట ఇంకొకటి, మొత్తం మూడు తావులను పిల్లలచేత ఎంపిక చేయించండి. పూలు ఏ నెలలో మొదలై ఏ నెలలో ముగిసినవి, ఉదయం ఎన్నిగంటలకు విచ్చినవి, రేకు పొడవెంత, అరగంటలో ఎన్ని తుమ్మెదలు వచ్చినవి, ఒక మొక్కనుండి మరొక జాతి మొక్కమీదికి ఎన్నిసార్లు దాటినవి? ఒక సంవత్సరం వ్రాస్తే పుస్తకం నిండుతుంది. అయిదు సంవత్సరాలు వ్రాస్తే ఆ ఊరికి ఒక శాస్త్రగ్రంథం ఉంటుంది. భేదం కనబడకపోయినా శ్రమ వృథా కాదు. భేదం లేదని కొలిచి చెప్పటమూ ఫలితమే. తుమ్మి జాతులతోను ఇదే పని చేయవచ్చును.

దీనికి పెద్దపరికరాలు అక్కరలేదు. ఒక అడుగుబద్ద, ఒక గడియారం, గీతలుగీచిన పుస్తకం చాలు. ఒకటి మాత్రం తప్పనిసరి: ఎక్కడ చూచినది, ఏనాడు చూచినది, ప్రక్కన ఏమున్నది అనే మూడింటిని వ్రాయకుండా ఏ కొలతనూ నమోదు చేయరాదు. పిల్లలు ఎండబెట్టి అట్టకంటించే మొక్కల సంపుటాలలో పేరు, కుటుంబం, తేదీ, స్థలం వ్రాయటం ఉన్నది. దానికి "పొరుగు మొక్కలు" అని మరొక వరుస చేర్చమని నా ప్రార్థన. లెవిన్ చూచినా, హాప్కిన్స్ చూచినా ముందు చూచినది ఆ వరుసనే. ఎర్రపువ్వు ఎర్రపువ్వని వ్రాసికొని పోయినవారు చాలామంది ఉండవచ్చును. దాని ప్రక్కన కస్పిడేటా ఉన్నదని గమనించినప్పుడే ఆ ఎరుపు ఒక ప్రశ్న అయింది.

మన తోటల మడిలో ఆ ఎరుపుకు ఏ ప్రశ్నా లేదు. కస్పిడేటా సముద్రాలకు ఆవల ఉండిపోయింది; రంగు మాత్రం పొట్లంలో పడి వచ్చింది. వచ్చే శీతకాలంలో ఏ ఉపాధ్యాయుడైనా తన బడితోటలో ఫ్లాక్సు గింజలు చల్లితే, పూలు విచ్చిన రోజున పిల్లలను మడిచుట్టూ నిలబెట్టి, ఈ ఎరుపు ఇక్కడ ఎందుకున్నదని అడిగి చూడవలె. అందంకోసమని వారు అంటారు. అప్పుడు టెక్సాసు పొలిమేర సంగతి చెప్పి, కొలతపుస్తకాలు చేతికిచ్చి, చెరువుకట్టకు బయలుదేరదీయవలె.